సముద్రం ఈ నదికి ఆఖరి ఆయకట్టు

మేళ్లచెరువు చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా సున్నపురాయే తగులుతుంది. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు ఆ రాయిని నమ్ముకుని వచ్చినవే. కోదాడ వైపు, హుజూర్‌నగర్ వైపు వెళ్లే లారీల్లో ఆ రాయే పొడిగా మారి ఊళ్లు దాటుతుంది. పల్నాడు బేసిన్‌కు చెందిన ఈ పొరలను భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు. యాభై కోట్ల ఏళ్లకు ముందు ఈ నేల మీద లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి ఈ రాయి అయింది. స్వయంభూ శంభులింగేశ్వరుడి గుడి, శివరాత్రి జాతర, ఎడ్ల పందేలు, మిరప చేలు, గనుల గుంతలు అన్నీ ఆ పాత కడలి అడుగు మీదే ఉన్నాయి. ఇప్పటి కడలి ఇక్కడికి తిన్నగా కొలిస్తే నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హంసలదీవి దగ్గర ఉంది. రెంటినీ కలిపేది కృష్ణా నది.

సముద్రంలో రక్షిత ప్రాంతాలను ఎవరు చూసుకోవాలి, వాటి ఖర్చు ఎవరు భరించాలి అన్న చర్చ ఇప్పుడు అన్ని ఖండాల్లోనూ నడుస్తోంది. 2022 డిసెంబరులో కుదిరిన కున్‌మింగ్–మాంట్రియల్ ఒప్పందం 2030 నాటికి భూభాగంలో 30 శాతం, సముద్రంలో 30 శాతం రక్షణలోకి రావాలని లక్ష్యం పెట్టింది. ఏ దేశానికీ చెందని నడిసంద్రపు జలాల కోసం కుదిరిన ఒప్పందం 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. భారత్ దానిపై 2024లోనే సంతకం చేసింది. తీరమే లేని తెలంగాణలో, సూర్యాపేట జిల్లా దక్షిణపు అంచున ఉన్న ఒక మండలానికి ఈ చర్చతో ఏం పని అని అడిగేవారు ఉంటారు. పని ఉంది. కృష్ణా ముఖద్వారంలోని అభయారణ్యం బతకాలో వద్దో తేల్చే శక్తి తీరంలో ఉన్నంతగా ఎగువనా ఉంది. దాన్ని కాపాడే బాధ్యత ఒక్క జిల్లా అటవీ అధికారిదో, ఒక్క రాష్ట్రానిదో అనుకున్నంత కాలం ఆ అడవి కుంచించుకుపోతూనే ఉంటుంది.

మొగ దగ్గర మిగిలిన నీరెంత, మన్నెంత?

పులిగడ్డ దగ్గర పాయలుగా విడిపోయి కృష్ణ సముద్రంలో కలిసేచోట 194.81 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1989లో ప్రకటించారు. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ రిజర్వు అడవులు ఇందులోవే. కృష్ణా జిల్లాలో కొంత, ఇప్పటి బాపట్ల జిల్లాలో కొంత. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల మధ్య బురదలో చేపలు పట్టి బతికే బావురు పిల్లి ఉంది, నీటికుక్కలు ఉన్నాయి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. రొయ్య పిల్ల, మడ పీత, పండుగప్ప ఈ పాయల నీడలోనే ఎదుగుతాయి. నాగాయలంక, ఎదురుమొండి చుట్టుపక్కల పల్లెకారులకు, పీతలు పట్టే యానాదులకు కూడు పెట్టేది ఈ అడవి.

మడ చెట్టు ఉప్పునీళ్లలో బతుకుతుంది గాని ఉత్త ఉప్పునీళ్లలో బతకదు. పైనుంచి వచ్చే తీపినీరు కలవాలి. వేళ్లు పట్టుకోవడానికి ఏటా కొత్త ఒండ్రు చేరాలి. ఈ రెంటికీ ఏమైందో శాస్త్రవేత్తల లెక్కలు సూటిగా చెబుతాయి.

ముందు నీళ్ల సంగతి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ అధ్యయనం ప్రకారం 1901–1960 మధ్య కృష్ణ సముద్రానికి ఏటా సగటున 57 ఘనపు కిలోమీటర్ల నీరు ఇచ్చేది. మన లెక్కలో దాదాపు రెండు వేల టీఎంసీలు. 2000 నాటికి అది 10.8 ఘనపు కిలోమీటర్లకు పడిపోయింది. ఆ వెంటనే వచ్చిన కరవు ఏళ్లలో సముద్రం చేరిన నీరు దాదాపు ఏమీ లేదు. 2019 తర్వాత కొన్నేళ్లు వరద బాగా వచ్చి వందల టీఎంసీలు కడలికి పోయిన మాట నిజమే. ఆ నీరంతా కొన్ని వారాల్లో ఒక్కసారిగా పోయింది. మిగతా నెలలన్నీ ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుకే కనిపిస్తుంది. మడ అడవికి కావలసింది ఏడాది పొడవునా సన్నగానైనా పారే నీరు.

ఒండ్రు సంగతి ఇంకా కఠినం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం విజయవాడ దగ్గర కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు 1966–1969 మధ్య 90 లక్షల టన్నులు ఉండేది. 2000–2005 నాటికి 4 లక్షల టన్నులకు జారింది. అదే బృందం 1965 నుంచి 2008 దాకా కృష్ణా–గోదావరి జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరాన్ని కొలిచింది. కొత్తగా మేట వేసిన నేలను మినహాయించాక కూడా నికరంగా 76 చదరపు కిలోమీటర్లు సముద్రం పాలయిందని తేల్చింది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. తర్వాత శ్రీశైలం, జూరాల, కర్ణాటకలో ఆల్మట్టి వచ్చాయి. నీటిని ఆపిన ప్రతి ఆనకట్టా మన్నునూ ఆపింది.

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. ఆ గాలివాన పేరు చెబితే ఇప్పటికీ ఆ సీమలో పెద్దలు మాట ఆపేస్తారు. అలల ధాటిని మొదట ఎదుర్కొనేది తీరంలోని మడ అడవి. అది పలచబడినకొద్దీ ముప్పు ఊళ్లకు దగ్గరవుతుంది. ఒండ్రు లెక్క మనుషుల ప్రాణాల లెక్క కూడా.

ఏటా వానాకాలంలో మన పత్రికల్లో ఒక మాట కనిపిస్తుంది: ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రంలో కలిశాయని. 2021 జూలైలో శ్రీశైలం, సాగర్, పులిచింతల దగ్గర విద్యుదుత్పత్తి మీద రెండు రాష్ట్రాలు తగవుపడి, ప్రాజెక్టుల దగ్గర పోలీసులు మోహరించినప్పుడూ ఈ మాటే గట్టిగా వినపడింది. రైతు కోపం న్యాయమైనదే. కాలువకు రావలసిన నీరు రాకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అయినా సముద్రంలో కలిసే నీరంతా వృథా అన్న లెక్క తప్పు. ఆ నీటితోనే రొయ్య పిల్ల బతుకుతుంది, ఆ మన్నుతోనే దివిసీమ నిలుస్తుంది.

మేళ్లచెరువు, హుజూర్‌నగర్ ప్రాంతాల రైతులకు ఈ సంగతి వేరెవరూ బోధించనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూముల కష్టం వాళ్లకు తెలుసు. తలాపున ఉన్నవాళ్లు తూములు పెద్దవి చేసుకుంటే టేలెండుకు తడి కూడా అందదు. నారు పోసి ఎదురుచూసే రైతు, తన వంతు నీళ్లు తన హక్కేనని అంటాడు. కృష్ణకు సముద్రమే టేలెండు. అక్కడి మడ అడవి, అక్కడి పల్లెకారు ఆఖరి ఆయకట్టుదారులు. వాళ్ల వంతు ఎంతో ఏ ఒప్పందమూ గట్టిగా రాయలేదు.

మునిగిన ఊళ్లు, తడిసిన డెల్టా

మేళ్లచెరువు ప్రాంతం ఆ డెల్టా కోసం ఇప్పటికే ఒక మూల్యం చెల్లించింది. ప్రకాశం బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన పులిచింతల కట్టారు. 45.77 టీఎంసీల జలాశయం అది. 2004లో పనులు మొదలై, 2013 డిసెంబరులో జాతికి అంకితమైంది. ఆ కట్ట ముఖ్య ఉద్దేశం కృష్ణా డెల్టాలోని దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టు స్థిరీకరణ. నీళ్లు దిగువకు, ముంపు ఎగువకు. పాత మేళ్లచెరువు మండలంలోని నెమలిపురి, వెల్లటూరు, అడ్లూరు, చింత్రియాల వంటి ఊళ్లు ఆ ముంపులోకి వచ్చాయి. 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఆ తీర గ్రామాలు కొత్త చింతలపాలెం మండలంలోకి వెళ్లాయి. పునరావాస కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు నది ఒడ్డు పొలాలు, తాతల నాటి గుడులు, చెట్లు మళ్లీ రాలేదు. తెలంగాణ వైపున 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. రెండు రాష్ట్రాల సరిహద్దు ఆ జలాశయం మధ్యలోంచే పోతుంది.

అందుకే కృష్ణా ముఖద్వారం గురించి ఎవరు ఎక్కడ కూర్చుని మాట్లాడినా, ఆ బల్ల దగ్గర ఈ ఊళ్ల వాళ్లకు ఒక కుర్చీ ఉండాలని నా గట్టి అభిప్రాయం. తీర గ్రామాల పల్లెకారుకూ, ఈ ముంపు గ్రామాల రైతుకూ ఒక పోలిక ఉంది. పదిమంది మేలు కోసం తన బతుకుదెరువు మీద గీత గీయడాన్ని ఇద్దరూ చూశారు. అభయారణ్యం అని బోర్డు పెట్టి వేటకు వెళ్లవద్దంటే పల్లెకారు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఏ రక్షిత ప్రాంతమూ నిలవదు.

పై నుంచి వచ్చే మురికిదీ పెద్ద కథే. హైదరాబాద్ మహానగరం మురుగును మోసుకుని మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీరు మట్టపల్లి నరసింహస్వామి గుడి ముందునుంచి, పులిచింతల జలాశయం మీదుగా కిందికి పోతుంది. మక్తల్ అవతల తంగిడి దగ్గర కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టినప్పటి నుంచి పాలమూరు, నల్లగొండ పొలాల ఎరువులు, పురుగుమందుల కడుగు నీళ్లూ దీంట్లోకే వస్తాయి. సముద్ర రక్షిత ప్రాంతం సరిహద్దు రాయి హంసలదీవి దగ్గర పాతినా, దాని ఆరోగ్యం వాడపల్లి దగ్గరే సగం తేలిపోతుంది.

కాకినాడలో ఒక మంచి ప్రయత్నం

తెలుగు నేల మీద ఇటువంటి ఉమ్మడి ప్రయత్నం ఒకటి జరిగింది. గోదావరి పాయలు కలిసేచోట 235.70 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ఏర్పడింది. దాని చుట్టూ కాకినాడ రేవులు, ఎరువుల కర్మాగారాలు, కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ బావులు, రొయ్యల చెరువులు, ఉప్పు మడులు, వేల మర పడవలు ఉన్నాయి. వీటిలో ఒక్కదానికీ అటవీ శాఖ మాట వినవలసిన అవసరం లేదు. అటవీ శాఖ ఒక్కటే అడవి చుట్టూ కంచె వేసుకుని కూర్చుంటే లాభం లేదని గుర్తించి, 2011లో ప్రపంచ పర్యావరణ నిధి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో తూర్పు గోదావరి నదీముఖ జీవావరణ ప్రాజెక్టును మొదలుపెట్టారు. ప్రపంచ పర్యావరణ నిధి గ్రాంటు సుమారు 60 లక్షల డాలర్లు. ఇటువంటిదే మహారాష్ట్రలోని సింధుదుర్గ్ తీరంలోనూ నడిచింది.

ఆ ప్రాజెక్టులోంచి పుట్టిన సంస్థ ఎగ్రీ ఫౌండేషన్. అటవీ శాఖ, మత్స్యశాఖ, రేవులు, పరిశ్రమలు, ఊరి కమిటీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వేదిక కావాలన్నది దాని ఆలోచన. బావురు పిల్లుల మీద అధ్యయనాలు జరిగాయి. తాబేళ్లు వలల్లో చిక్కి చావకుండా ట్రాల్ వలలకు అమర్చే తప్పించే పరికరాల మీద శిక్షణలు పెట్టారు. కోరింగలో చెక్కబాట, పడవ షికారు చూసుకునే పనిలో స్థానిక పర్యావరణాభివృద్ధి కమిటీల వాళ్లకు చోటు దక్కింది.

అంతకు ముందే, 1990ల చివర్లో, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ భారత–కెనడా పర్యావరణ నిధి సాయంతో గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఒక పని చేసి చూపించింది. ఉప్పు పేరుకుని బోసిపోయిన నేలల్లో పెద్ద పాయ నుంచి ఒక కాలువ, దానికి రెండు పక్కలా చేప ముల్లు ఆకారంలో పిల్ల కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి వచ్చి పోయేలా చేశారు. ఉప్పు కడుక్కుపోయింది, నాటిన తెల్లమడ పైకి లేచింది. మట్లపాలెం, భైరవలంక వంటి ఊళ్లలో ఆ కాలువలు తవ్వింది, మొక్కలు నాటింది ఊరివాళ్లే. ఆ కాలువల్లో కొన్నేళ్లకోసారి పూడిక తీయాలి. ఉమ్మడి నిధి అవసరం అక్కడే మొదలవుతుంది.

ప్రాజెక్టు అంటే గడువున్న పని. డబ్బు ఉన్నన్నాళ్లు కాలువ పూడిక తీస్తారు, కాపలాదారుకు జీతం ఇస్తారు, పడవకు డీజిలు పోస్తారు. గడువు ముగియగానే కొత్త ప్రాజెక్టు వచ్చేదాకా అంతా ఆగుతుంది. పూడిక ఆగదు. తాబేలు ఈ ఏడు గుడ్లు పెట్టడం మానుకోదు. 2019లో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశాలను కలిపి హరిత వాతావరణ నిధి 4.3 కోట్ల డాలర్ల గ్రాంటుతో తీర పరిరక్షణ ప్రాజెక్టు ఇంకొకటి మొదలైంది. మూడు రాష్ట్రాలు ఒక ఒప్పందంలోకి రావడం మంచి అడుగు. ఒక్కటే లోటు కనిపిస్తుంది. కృష్ణ పుట్టిన మహారాష్ట్ర, కృష్ణ కడలిలో కలిసే ఆంధ్రప్రదేశ్ ఇందులో ఉన్నాయి. నది పారే కర్ణాటక, తెలంగాణ లేవు, తీరం లేని తెలంగాణకైతే అందులో చోటే లేదు. తీరాన్ని తీరంతోనే కలిపారు, నదితో కలపలేదు.

తాబేలుకు సరిహద్దు లేదు

2021లో ఒడిశాలోని గహిర్మాత దగ్గర రెక్కకు బిళ్ల వేసిన ఒక ఆలివ్ రిడ్లే తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర తీరంలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టింది. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి. దారిలో అది ఎన్ని రాష్ట్రాల నీళ్లు దాటిందో! ఒక్క రాష్ట్రం దాన్ని కాపాడి, పక్క రాష్ట్రం ట్రాల్ వలలు ఒడ్డుదాకా రానిస్తే ఆ కాపాడిన శ్రమంతా పోతుంది. తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం పాటిస్తుంది. పశ్చిమ బెంగాల్ నుంచి తమిళనాడు దాకా ఒకే తేదీలు. మనకు తెలిసిన ప్రాంతీయ సహకారం ఇదే, దీని విలువ పల్లెకారులకు తెలుసు. పక్క రాష్ట్రం బోటు వేటకు వెళ్తుంటే తన బోటు ఒడ్డున కట్టుకునేవాడు ఎవడూ ఉండడు.

సహకారం లేకపోతే ఏమవుతుందో పులికాట్ చూపిస్తుంది. సరస్సు ఒక్కటే, అభయారణ్యాలు రెండు. ఆంధ్రప్రదేశ్‌ది 1976లో, తమిళనాడుది 1980లో వచ్చింది. రాయదొరువు మొగ పూడిపోతే ఇటువైపు చేప తగ్గుతుంది, అటువైపు వేటకు వెళ్తే తగవు వస్తుంది. రెండు రాష్ట్రాల మత్స్యకారుల మధ్య అక్కడ జరిగిన గొడవలు కొత్తవి కావు.

దేశాల మధ్య కూడా బల్లలు ఉన్నాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం 2003లో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవుల ఉమ్మడి ప్రభుత్వ సంస్థగా మారింది. దాని కార్యాలయం నేటికీ చెన్నైలోనే ఉంది. దానికన్నా పెద్దది ఎనిమిది దేశాల బంగాళాఖాత మహా జీవావరణ ప్రాజెక్టు. ఆ నాలుగింటికి తోడు మియన్మార్, థాయ్‌లాండ్, మలేసియా, ఇండొనేసియా. మొదటి దశ 2009 నుంచి 2015 దాకా నడిచింది, రెండో దశ 2023లో మొదలైంది. మధ్యలో పోయిన ఏళ్లను చూస్తే, ఎనిమిది దేశాలు కలిసినా గ్రాంటు ఆగితే పని ఆగుతుందని తెలుస్తుంది.

కరీబియన్ దీవులు చేసిన పని

ఈ చిక్కుముడిని కొందరు విప్పారు. 2008లో కరీబియన్ దీవుల ప్రభుత్వాలు కొన్ని కలిసి, 2020 నాటికి తమ తీర సముద్రంలో 20 శాతాన్ని కాపాడతామని మాట ఇచ్చుకున్నాయి. మాటతో ఆగకుండా 2012లో కరీబియన్ జీవవైవిధ్య నిధిని స్థాపించాయి. జర్మనీ, ప్రపంచ పర్యావరణ నిధి, ఒక ప్రకృతి పరిరక్షణ సంస్థ కలిసి మూలనిధి సమకూర్చాయి. ఆ మొత్తాన్ని ముట్టుకోరు. మదుపు చేసి, వచ్చే రాబడిని మాత్రమే ఒక్కొక్క దేశంలోని ట్రస్టుకు పంపుతారు. ఆ దేశం కూడా తన వంతు సొమ్ము కలపాలి. ఎన్నికలు వచ్చినా, మంత్రి మారినా, ప్రాజెక్టు ముగిసినా కాపలాదారు జీతం ఆగదు. చిన్న దీవి ఒంటరిగా పెద్ద దాతల గుమ్మం ఎక్కలేదు. పది దీవులు ఒక నిధిగా వెళ్తే తలుపు తెరుచుకుంటుంది.

పసిఫిక్‌లో పలావు, మైక్రోనేసియా, మార్షల్ దీవులు, గువామ్, ఉత్తర మరియానా దీవులు 2006లో ఇటువంటి పూనికే చేశాయి. తీర సముద్రంలో 30 శాతం, నేలలో 20 శాతం. మైక్రోనేసియా పరిరక్షణ ట్రస్టు ఆ నిధిని చూస్తుంది. పలావు 2009లో పర్యాటకుల దగ్గర 15 డాలర్ల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. 2018 నుంచి అది విమానం టికెట్లోనే కలిపిన 100 డాలర్ల రుసుము అయింది. సముద్రాన్ని చూడటానికి వచ్చినవాడే దాని కాపలాకు చెల్లిస్తున్నాడు. మెక్సికో, బెలీజ్, గ్వాటెమాలా, హోండురాస్ దేశాల్లోని నాలుగు పరిరక్షణ నిధులు కలిసి 2004లో తమ ఉమ్మడి పగడపు దిబ్బ కోసం ఒక ప్రాంతీయ నిధి పెట్టుకున్నాయి. అవి దిబ్బకు బీమా కూడా చేయించాయి. 2022లో తుపాను వచ్చి బెలీజ్‌లోని దిబ్బ విరిగినప్పుడు ఆ బీమా సొమ్ముతో మరమ్మతులు చేశారు. తుపాను అంటే ఏమిటో తెలిసిన మన తీరానికి ఇది చాలా విలువైన పాఠం.

ఈ ప్రాంతీయ నిధులు తీర దేశాలను, తీర సముద్రాన్ని చూసి కట్టినవి. కృష్ణ విషయంలో ఆ నమూనా సగమే సరిపోతుంది. ఇక్కడ తీరంతో పాటు నదిని కూడా సభ్యురాలిగా చేర్చుకోవాలి.

కృష్ణకు ఒక ఉమ్మడి నిధి

రెండు రాష్ట్రాలు కలిసి ఖర్చు పంచుకుని ఒక నదిని చూసుకోవడం మనకు తెలియని పనేం కాదు. తుంగభద్ర బోర్డు 1953 నుంచి ఆ పని చేస్తోంది. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంతో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది. దాని పైన కేంద్ర జలశక్తి మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు ఉండే అపెక్స్ కౌన్సిల్ ఉంది. చట్టంలోని 85వ సెక్షన్ ఆ బోర్డుకు నీటి విడుదల, విద్యుత్తు, కొత్త పనుల పరిశీలన వంటి బాధ్యతలు ఇచ్చింది. నదీముఖం గురించి అందులో ఒక్క మాట లేదు. అదే సెక్షన్ కేంద్రం అప్పగించే ఇతర పనులు కూడా బోర్డు చేయవచ్చని అంటుంది. తలుపు మూసి లేదు. కృష్ణా ముఖద్వారానికి కనీస ప్రవాహం చూసే పనిని కేంద్రం ఆ వాక్యం కింద అప్పగిస్తే కొత్త చట్టం అక్కర్లేదు.

డబ్బు ఎక్కడిది? ఎవరు ఎక్కువ లాభపడుతున్నారో వాళ్లు ఎక్కువ ఇవ్వాలి. 2023–24లో భారత్ 60,523 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో రొయ్యలే అధికం, ఆ రొయ్యల్లో ఆంధ్రప్రదేశ్ వాటాయే పెద్దది. మడ అడవి రొయ్యకు పురుడు పోసే చోటు. ఎగుమతిలో వంద రూపాయలకు పది పైసలు తీసి పక్కన పెడితే దేశం మొత్తం మీద ఏటా అరవై కోట్లు పోగవుతాయి. రేవులు, గ్యాస్ కంపెనీలు, ఆక్వా మేత కంపెనీలు ఆ వరసలో తర్వాత నిలవాలి. మూసీ మురుగు శుద్ధి చేసే బాధ్యత హైదరాబాద్‌ది. ఆ ఖర్చును నగరం తన ఒడ్డు అందం కోసం పెట్టే సొమ్ముగా చూడకూడదు. కింద ఉన్న ప్రతి ఊరికి, చివర ఉన్న అభయారణ్యానికి తీర్చాల్సిన బాకీగా చూడాలి.

మరి మేళ్లచెరువు గనుల సొమ్ము? ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం పెట్టింది. పాత లీజులవాళ్లు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం కట్టాలి, వేలంలో వచ్చిన కొత్త లీజులవాళ్లు 10 శాతం. దుమ్ము మింగేది ఇక్కడివాళ్లు. ఆ సొమ్ము తీరానికి తరలించాలని నేను అనను. అందులో పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నివారణ ముఖ్య పద్దులే. గనుల గుంతల నీరు, దుమ్ము కలిసిన వాన నీరు వాగుల్లోంచి కృష్ణలోకి పోకుండా ఆపడం, కుంటలు బాగుచేయడం, పులిచింతల వెనుక జలాల్లో నీటి నాణ్యతను క్రమం తప్పక కొలిచి ఆ లెక్కలు ఊరందరికీ కనపడేట్టు పెట్టడం ఆ డబ్బుతో చేయవలసిన పనులు. కంపెనీల సామాజిక బాధ్యత కింద లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. కృష్ణ ఒడ్డు ఫ్యాక్టరీలన్నీ, అటు ఇటు రెండు రాష్ట్రాల్లోనివీ, ఆ 2 శాతంలో కొంత వంతున కలిసి ఒక నదీ నిధి పెట్టుకుంటే ఎవరి మీదా భారం పడదు.

ఆ నిధిని పాలించేవారిలో అధికారులే నిండిపోకూడదు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. తూము దగ్గర సంఘం, డిస్ట్రిబ్యూటరీ మీద సంఘం, ప్రాజెక్టు మీద సంఘం అంటూ మెట్లు మెట్లుగా కట్టిన ఏర్పాటు అది. ఎన్నికలు వాయిదా పడి, నిధులు అందక చాలాచోట్ల ఆ సంఘాలు నీరసపడ్డాయి. ఆలోచన మాత్రం గట్టిది. ఆ మెట్లకు కింది చివరన ఇంకొక మెట్టు చేర్చాలి: నాగాయలంక, ఎదురుమొండి పల్లెకారుల సంఘాలు, అడవి దగ్గరి పర్యావరణాభివృద్ధి కమిటీలు. ఎగువన ఏ నెలలో ఎంత నీరు వదులుతారో వాళ్లకు ముందే తెలియాలి. దిగువన ఉప్పు ఎంత పెరిగిందో, ఎన్ని రొయ్య పిల్లలు పట్టుపడ్డాయో ఎగువకు తెలియాలి. రెండు చివరల మనుషులు ఏడాదికోసారైనా ఎదురెదురుగా కూర్చోవాలి. ఒక ఏడు మేళ్లచెరువులో, మరో ఏడు నాగాయలంకలో.

ముంపులో భూములు పోగొట్టుకున్నవాళ్లు, పులిచింతల వెనుక నీళ్లలో వల వేసేవాళ్లు ఈ పనిలో ముందుండాలి. జలాశయంలో చేప పిల్లలు వదలడం, పట్టడం, సరిహద్దు తగవులు తీర్చుకోవడం రెండు రాష్ట్రాల సంఘాలు కలిసి చేసుకుంటే అదే మొదటి ఉమ్మడి పని అవుతుంది. చిన్నదైనా నిజమైన పనితో మొదలైన సహకారం నిలబడుతుంది.

మేళ్లచెరువు, చింతలపాలెం గ్రామసభల్లో ఈసారి రెండు తీర్మానాలు పెట్టండి. జిల్లా ఖనిజ నిధిలో వాగులు, కుంటల శుద్ధికి, పులిచింతల నీటి పరీక్షలకు ఏటా ఇంత అని ఒక పద్దు కేటాయించాలని జిల్లా కలెక్టర్‌ను కోరండి. కృష్ణా ముఖద్వారానికి కనీస ప్రవాహం అన్న అంశాన్ని చర్చకు తీసుకోవాలని, ఆ చర్చలో ఎగువ ముంపు గ్రామాలకు, దిగువ పల్లెకారులకు చోటు ఇవ్వాలని కృష్ణా బోర్డుకు రాయండి. నాగాయలంక, ఎదురుమొండి పంచాయతీలు కూడా అదే తీర్మానం చేసి అదే బోర్డుకు పంపాలి. నది రెండు చివరల నుంచి ఒకే ఉత్తరం వెళ్తే దాన్ని పక్కన పెట్టడం ఏ అధికారికీ సులువు కాదు.